పాత ఆటో-5 తుపాకీ: పుట్టిన ఏడు, తూటా పొడవు, ఒక ఉక్కు రింగు

మా మావయ్యది బొబ్బిలి దగ్గర పల్లె. వాళ్ల నాన్నగారి కాలం నుంచి ఆ ఇంట్లో లైసెన్సుతో ఒక 12 బోరు తుపాకీ ఉంది. వెనక భాగం ఎద్దు మూపురంలా లేచి ఉంటుంది కాబట్టి ఊళ్లో అందరూ దాన్ని గూని తుపాకీ అంటారు. దాని గురించి మా ఇంట్లో ఒకదానికొకటి పొసగని రెండు కథలున్నాయి. తాతగారి కాలంలో అది భుజం వాచిపోయేలా తన్నేదని, ముందరి చెక్క చీలింది కూడా ఆ తన్నుకేనని ఒక కథ. ఇప్పుడేమో రేంజిలో పేలిస్తే అసలు తన్నే లేదు, పైగా ఖాళీ తూటా బయటికి పడకుండా కిటికీలో అడ్డంగా ఇరుక్కుపోతోందని రెండోది. "ఏటల్లుడూ, అప్పుడు తన్నీసేది, ఇప్పుడు తూటా కక్కలేకపోతంది, ముసలిదైపోనాదేటి?" అని మావయ్య అడిగాడు. అప్పటికే ఒక మరమ్మతు చేసేవాయన చూసి, స్ప్రింగు గట్టిగా ఉంది, రెండు చుట్లు కోసేస్తే సరిపోతుందని చెప్పాడట.

కోయించొద్దు మావయ్యా, వారం ఆగు అన్నాను. ఆ వారంలో తెలుసుకున్నదీ, అంతకుముందు నుంచి ఈ తుపాకీ మీద ఇష్టంతో చదివిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఉత్తరాంధ్రలో పాత కుటుంబాల దగ్గర ఇలాంటివి ఇంకా ఉన్నాయి, వాటిలో చాలావాటి పని సగం తెలిసిన మరమ్మతుల వల్లే చెడిపోతోంది.

దీని అసలు పేరు ఆటో-5. తూటాలు నిలవుండే మ్యాగజైన్లో నాలుగు, తూటా పేలే చోటైన ఛాంబర్లో ఒకటి, మొత్తం ఐదు తూటాలు, అందుకే ఆ 5. అమెరికాలో ఊటా రాష్ట్రం ఓగ్డెన్‌కి చెందిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ దీన్ని 1898 ప్రాంతంలో తయారుచేశాడు, పేటెంటు 1900లో వచ్చింది. అప్పటిదాకా తన డిజైన్లు ఎన్నో కొంటూ వచ్చిన వించెస్టర్ కంపెనీని ఈసారి రాయల్టీ అడిగితే వాళ్లు ఒప్పుకోలేదు. రెమింగ్టన్ అధిపతి మార్సెల్లస్ హార్ట్‌లీని కలవడానికి 1902 జనవరిలో వెళ్లాడు, కానీ సరిగ్గా ఆ రోజే హార్ట్‌లీ చనిపోయాడు. దాంతో బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం వెళ్లాడు, లియేజ్ పక్కన హెర్‌స్టాల్‌లో ఉన్న ఎఫ్‌ఎన్ (ఫాబ్రిక్ నాసియోనాల్) కంపెనీ తయారీ మొదలుపెట్టింది. తర్వాత 1905 నుంచి రెమింగ్టన్ కూడా అమెరికాలో ఇదే డిజైన్ చేసి అమ్మింది, అదే మోడల్ 11. 1970ల మధ్యలో తయారీ బెల్జియం నుంచి జపాన్‌లోని మిరోకు ఫ్యాక్టరీకి మారింది, 1990ల చివరిదాకా సాగింది. అంటే దాదాపు వంద ఏళ్ల పాటు పైకి ఒకేలా కనిపించే తుపాకీ తయారైంది, మధ్యలో లోపలి భాగాలు, ఛాంబరు పొడవులు మాత్రం మారుతూ వచ్చాయి. చిక్కంతా అక్కడే ఉంది: చూడ్డానికి అన్నీ ఒకటే, కానీ 1925లో పుట్టినదానికి వేసే తూటా వేరు, 1965లో పుట్టినదానికి వేసే తూటా వేరు కావచ్చు.

ముందు అది ఎలా పనిచేస్తుందో చెప్పాలి, లేకపోతే రింగు సంగతి అర్థం కాదు.

మామూలు తుపాకీలో గొట్టం కదలదు. ఇందులో కదులుతుంది. పేలగానే గొట్టం, దాని వెనక తలుపులా మూసి ఉన్న బోల్టు, రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే వెనక్కి జరుగుతాయి, కొంచెం కాదు, తూటా పొడవుని మించి జరుగుతాయి. చివరిదాకా వెళ్లాక బోల్టు అక్కడే ఆగుతుంది, గొట్టాన్ని మాత్రం స్ప్రింగు ముందుకు తోసేస్తుంది. గొట్టం ముందుకు పోతుంటే ఖాళీ తూటా దాంట్లోంచి ఊడి కిటికీలోంచి బయట పడుతుంది, తర్వాత బోల్టు కొత్త తూటాని తోసుకుంటూ వచ్చి మూసుకుంటుంది. పేల్చినవాడికి ఒక్క తన్నుగా కాకుండా రెండు దెబ్బల్లా తెలిసేది అందుకే. గొట్టాన్ని వెనక్కి రానిచ్చి మళ్లీ ముందుకు తోసే ఆ పెద్ద స్ప్రింగు ముందరి చెక్క లోపల మ్యాగజైన్ గొట్టం చుట్టూ ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పిట్టలకి వాడే చిన్న తూటా ఇచ్చే తోపు ఒకలా ఉంటుంది, పందికి వాడే పెద్ద తూటా ఇచ్చే తోపు ఇంకోలా ఉంటుంది. రెంటికీ ఒకే స్ప్రింగు ఎలా సరిపోతుంది? సాలూరు ఘాటు దిగే లారీని తలుచుకోండి. ఖాళీ లారీకీ, నిండా సరుకున్న లారీకీ ఒకే బ్రేకు పట్టు సరిపోదు. బ్రౌనింగ్ కూడా స్ప్రింగుకి తోడు ఒక బ్రేకు పెట్టాడు, అందులో ఉన్నవి రెండే ముక్కలు. ఒకటి కంచుతో చేసినది, గాజులా గుండ్రంగా ఉండి ఒకచోట చీలి ఉంటుంది, మ్యాగజైన్ గొట్టాన్ని వాటేసుకుని దాని మీద జారుతుంది. రెండోది ఉక్కు రింగు, ఒక పక్క చదును, ఇంకో పక్క లోపలికి ఏటవాలు.

పెద్ద తూటాలు వాడేటప్పుడు ముందు నుంచి వెనక్కి వరస ఇలా ఉండాలి: గొట్టం కింద ఉండే వలయం, కంచు ముక్క, ఉక్కు రింగు, ఆ తర్వాత స్ప్రింగు. రింగు ఏటవాలు పక్క కంచు వైపు తిరిగి ఉండాలి. పేలినప్పుడు గొట్టం వెనక్కి వస్తుంటే ముందు నుంచి గొట్టం వలయం, వెనక నుంచి రింగు, రెండూ తమ ఏటవాలు అంచులతో ఆ కంచు ముక్కని నొక్కి బిగిస్తాయి, అది మ్యాగజైన్ గొట్టాన్ని సైకిల్ బ్రేకు రిమ్ముని పట్టినట్టు పట్టుకుంటుంది. తన్ను ఎంత ఎక్కువైతే పట్టు అంత గట్టిపడుతుంది. ఎంత బాగా ఆలోచించాడో చూడండి, దీనికి మరలు తిప్పే పనే లేదు, తోపే బ్రేకు వేసుకుంటుంది.

చిన్న తూటాలు వాడేటప్పుడు ఆ ఉక్కు రింగుని అక్కడి నుంచి తీసి స్ప్రింగు వెనక చివర, రిసీవర్‌కి (బోల్టు, ట్రిగ్గర్ ఉండే వెనక పెట్టెకి) ఆనుకునేలా పెడతారు. అప్పుడు కంచు ముక్క వెనక స్ప్రింగే ఉంటుంది, ఒక పక్క నుంచి మాత్రమే నొక్కు పడుతుంది, బ్రేకు తేలికవుతుంది, చిన్న తోపుకే గొట్టం పూర్తిగా వెనక్కి రాగలుగుతుంది. రింగు అక్కడ ఊరికే దాచుకోవడానికి ఉన్నట్టే, కానీ పోకుండా ఉండేది కూడా అందుకే. మన దేశంలో వీటి పాత రింగులు పోతే వెతుక్కోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

మావయ్య తుపాకీ విప్పి చూస్తే రింగు ముందు ఉంది, అంటే పెద్ద తూటాల అమరిక. రేంజిలో వేస్తున్నవి 24 గ్రాముల (లోపలి గుళ్ల బరువు) పోటీ తూటాలు. ఇంక గొట్టం పూర్తిగా వెనక్కి ఎలా వస్తుంది? ఇక స్ప్రింగు వెనక చివర, రిసీవర్ దగ్గర మ్యాగజైన్ గొట్టం మీద రింగు వెడల్పుకి సరిపోయే పాత గుర్తు ఒకటి స్పష్టంగా కనిపించింది. తాతగారి కాలంలో రింగు అక్కడే ఉండేదన్నమాట, ఆయన వేసేవి పెద్ద తూటాలు. అందుకే తన్నింది, అందుకే ముందరి చెక్క చీలింది. తర్వాత ఎప్పుడో ఎవరో శుభ్రం చేసి బిగించేటప్పుడు రింగు ముందుకి వచ్చింది, అదే సమయంలో తూటాలూ మారాయి. రెండు కథలూ నిజమే. తుపాకీ ముసలిదైపోలేదు, రెండుసార్లూ తప్పు చోట ఉన్నది ఆ గాజంత రింగే.

స్ప్రింగు రెండు చుట్లు కోసుంటే ఏమయ్యేది? చిన్న తూటాలు బహుశా పనిచేసేవి. కానీ ఆ తర్వాత ఎప్పుడైనా ఒక పెద్ద తూటా వేస్తే గొట్టమూ బోల్టూ రిసీవర్ వెనక గోడకి నేరుగా గుద్దుకునేవి, అదీ ప్రతిసారీ. రింగు మార్చితే వెనక్కి మార్చుకోవచ్చు, కోసిన స్ప్రింగు మళ్లీ అతకదు. కంచు ముక్కని ఆకురాయితో అరగదీయడం కూడా ఇలాంటిదే.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోండి. చిన్న తూటాని పెద్ద అమరికలో వేస్తే మహా అయితే ఇరుక్కుంటుంది. పెద్ద తూటాని చిన్న అమరికలో వేస్తే చెక్క చీలుతుంది, లోపల దెబ్బలు తింటుంది. ఏది వేస్తున్నామో అనుమానంగా ఉంటే రింగు ముందే ఉండాలి.

చిన్నా పెద్దా అంటే పెట్టె మీది నంబరు కాదు. మన దగ్గర చాలామంది ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ, 4 నంబరు అని చూసి ఎల్‌జీ పెద్దది, 4 చిన్నది అనుకుంటారు. అవి లోపలి గుళ్ల సైజులు మాత్రమే. తుపాకీకి తెలిసేది మొత్తం గుళ్ల బరువు, వాటి వేగం. 24, 28 గ్రాములవి సాధారణంగా చిన్న అమరికకి వెళ్తాయి, 36 గ్రాములవి పెద్ద అమరికకి. 28 కంటే 36 పావు వంతు పైగా ఎక్కువ బరువు, వేగం ఒకటే అయినా తోపు అంత పెరుగుతుంది. మధ్యలో 32 గ్రాములవి ఉంటాయి, వాటి విషయంలో పెట్టె మీద రాసింది కాదు, ఖాళీ తూటా ఎలా పడిందో చూసి తేల్చుకోవాలి. పక్కనే కాళ్ల దగ్గర నీరసంగా పడితే బ్రేకు ఎక్కువైనట్టు, దూరంగా ఎగిరి పడి భుజానికి దెబ్బ గట్టిగా తగిలితే బ్రేకు తక్కువైనట్టు.

నూనె కూడా ఈ బ్రేకులో భాగమే. మ్యాగజైన్ గొట్టం మీద పల్చటి నూనె పూత ఉండాలి, గుడ్డతో తుడిచాక మిగిలేంత మాత్రం. పూర్తిగా ఎండిపోతే కంచు ముక్క మరీ గట్టిగా పడుతుంది, చిన్న తూటాలు ఇరుక్కుంటాయి. నూనె కారేలా పోస్తే బ్రేకు జారిపోతుంది, రింగు సరైన చోటే ఉన్నా లేనట్టే. మన సముద్రపు గాలికి తుప్పు పడుతుందని భయంతో చాలామంది ధారగా పోసేస్తారు, అది ఏళ్లకేళ్లు గడిచి జిగురుగా గట్టిపడుతుంది, అప్పుడు ఇంకో రకం ఇబ్బంది. రిసీవర్ లోపల వెనక గోడ దగ్గర దెబ్బ తట్టుకోవడానికి ఫైబర్ దిండు ఒకటి ఉంటుంది, పాత తుపాకుల్లో అది పొడి పొడిగా రాలిపోయి ఉంటుంది, అది కూడా చూపించుకోవాలి.

సరే, రింగు తేలింది. కానీ రింగు ముట్టుకునే ముందే తేలాల్సింది ఇంకోటుంది, అది ప్రాణాలకి సంబంధించినది: ఛాంబరు పొడవు. దాని కోసమే పుట్టిన ఏడు వెతకాలి.

16 బోరు ఆటో-5లు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసినవి చాలావరకు 65 మిల్లీమీటర్ల తూటాలకి చేశారు, తర్వాతవి 70కి. 12 బోరుకి అమెరికా మార్కెట్‌కి చేసినవి, మూడంగుళాల మ్యాగ్నం తప్పిస్తే, 70వే, కానీ ఐరోపా కోసం చేసిన పాతవాటిలో 65 కూడా ఉండొచ్చు. 65 ఛాంబర్లో 70 తూటా పట్టదు కదా అనుకుంటారు, పడుతుంది, మోసమంతా అందులోనే ఉంది. తూటా పొడవు పేలి మూతి విచ్చుకున్న తర్వాత కొలిచేది. పేలకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి 70 తూటా ఇంచుమించు 60కి అటూ ఇటూ ఉంటుంది, హాయిగా లోపలికి వెళ్తుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటు లేక ముందున్న ఇరుకు భాగంలోకి దూరుతుంది, గుళ్లు ఆ సందులోంచి పోవాలి, ఒత్తిడి బాగా పెరిగిపోతుంది. కాబట్టి తూటా పట్టిందా లేదా అన్నది పరీక్షే కాదు.

ఏడు కనిపెట్టడానికి నేను ముందు గొట్టం మీద రాసిన చిరునామా చూస్తాను. ఎఫ్‌ఎన్ పూర్తి పేరు, హెర్‌స్టాల్, బెల్జియం అని ఫ్రెంచిలో మాత్రమే ఉంటే అది ఎఫ్‌ఎన్ తన సొంతంగా అమెరికా బయట అమ్మినది. మన వైపు వచ్చినవాటిలో ఇలాంటివి ఉండే అవకాశం ఎక్కువ, మావయ్యదీ అదే. బ్రౌనింగ్ ఆర్మ్స్ కంపెనీ, సెయింట్ లూయిస్ అని ఒక్కటే ఉంటే 1950ల చివరికి ముందుది, సెయింట్ లూయిస్‌తో పాటు మాంట్రియల్ కూడా ఉంటే 1960ల నాటిది, మోర్గాన్, ఊటా అని ఉంటే ఆ తర్వాతది.

తర్వాత సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడ్డీకి లోపల, ట్రిగ్గర్‌కి ముందు వైపు మీట ఉంటే పాతది. ట్రిగ్గర్ వెనక అడ్డంగా నొక్కే బొత్తం ఉంటే అది 1950ల ఆరంభం తర్వాతది, లేదా తర్వాత మార్పించినది. ముందు మీట ఉన్నవాటిలో సేఫ్టీ తీసేటప్పుడు వేలు ట్రిగ్గర్ పక్కనే తిరుగుతుంది, అలవాటు లేనివాళ్ల చేతికి ఇవ్వకండి. 1950ల నుంచి వచ్చినవాటిలో ఇంకో తేడా, బోల్టు వెనక్కి ఉండగా కింద నుంచి మొదటి తూటా పెడితే అది దానంతట అదే ఛాంబర్లోకి వెళ్లిపోతుంది. ఈ సంగతి తెలియకుండా పాతదనుకుని తూటా పెట్టడం ప్రమాదం.

నంబరు విషయానికొస్తే, బ్రౌనింగ్ పేరుతో అమ్మినవాటికి 1958 నుంచి తేలిక. ముందు ఏడు చివరి అంకె, తర్వాత రకం చెప్పే అక్షరం, తర్వాత వరస సంఖ్య. 8జి అని మొదలైతే 1958లో చేసిన తక్కువ బరువున్న 12 బోరు. ఎం అంటే మామూలు 12, ఎస్ అంటే స్వీట్ సిక్స్‌టీన్ అనే తక్కువ బరువున్న 16, వి అంటే మూడంగుళాల మ్యాగ్నం, జెడ్ అంటే 20 బోరు. 1968 నుంచి రెండంకెలు, 68జి అన్నట్టు. 1970ల మధ్య నుంచి అంకెల బదులు అక్షరాలు వచ్చాయి, జెడ్ 1, వై 2, ఎక్స్ 3, డబ్ల్యూ 4, వి 5, టి 6, ఆర్ 7, పి 8, ఎన్ 9, ఎం సున్నా. కాబట్టి ఆర్‌టి అంటే 1976. రెమింగ్టన్ వాళ్ల మోడల్ 11 అయితే దారి వేరు, గొట్టం ఎడమ పక్క రిసీవర్ దగ్గర చిన్న అక్షరాలుంటాయి, మొదటిది నెల. బ్లాక్‌పౌడర్ అన్న ఇంగ్లిష్ మాటలోని అక్షరాలు వరసగా జనవరి నుంచి నవంబరు దాకా, డిసెంబరుకి ఎక్స్.

మా మావయ్యదానికి ఈ నంబర్ల పద్ధతి పనికిరాలేదు, అది దానికంటే పాతది. దాని ఏడు లియేజ్ పరీక్ష ముద్రల్లోంచి వచ్చింది. బెల్జియంలో ప్రతి తుపాకీ ప్రభుత్వ పరీక్షశాలలో ఎక్కువ మందుతో పేల్చి చూశాకే బయటికొచ్చేది, నిలబడితే ముద్రలు కొట్టేవారు. కోడిగుడ్డు ఆకారంలో ఇ, ఎల్, జి అక్షరాలు, పైన కిరీటం, ఆ కిరీటం 1893 నుంచి. మెట్ల మీద నిలబెట్టిన స్తంభం లాంటి బొమ్మ ఒకటి, అది లియేజ్ ఊరి గుర్తు. సింహం బొమ్మ కింద పి.వి. అని ఉంటే పొగలేని మందుతో పరీక్షించారని అర్థం, ఇది లేకపోతే ఇప్పటి తూటాలు వేయడం గురించి ఆలోచించనే వద్దు. 1922 నుంచి సంవత్సరానికో అక్షరం కూడా కొట్టారు, దాన్ని పట్టికతో పోల్చుకుంటే మావయ్య తుపాకీ 1930ల చివరిదని తేలింది. గొట్టం మీద బోరు, ఛాంబరు అంకెలు కూడా ఉన్నాయి, 12, 70. నిజం చెప్పాలంటే ఆ 70 కనిపించేదాకా నాకు టెన్షన్‌గానే ఉంది.

అయినా ముద్ర చూసి ఊరుకోకుండా లైసెన్సున్న పనివాడి దగ్గర గేజితో కొలిపించాం. ఎందుకంటే ఇవి గొట్టం ఊడదీసి ఇంకోటి పెట్టుకోగలిగిన తుపాకులు, రిసీవర్ ఒక ఏడు, గొట్టం ఇంకో ఏడు కావచ్చు. తూటా పేలేది గొట్టంలో, కాబట్టి గొట్టం పుట్టుకే లెక్క. రిసీవర్ నంబరుతో ఏడు తేల్చి దాన్ని బట్టి తూటా కొనడం చాలామంది చేసే పొరపాటు. అదే గొట్టం మీద మూతి ఇరుకు చెప్పే గుర్తు కూడా ఉంటుంది, ఒక నక్షత్రం అంటే బాగా ఇరుకు, రెండంటే మధ్యస్థం, మూడంటే ఇరుకే లేదు. ఈ పాత బెల్జియం గొట్టాల్లో ఉక్కు గుళ్ల తూటాలు వేయకూడదు, ముఖ్యంగా ఒక నక్షత్రం ఉన్నవాటిలో. సీసం నలుగుతుంది, ఉక్కు నలగదు.

చట్టం సంగతి కూడా చెప్పి తీరాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతుకి, మార్పులకి లైసెన్సున్నవాడే ఉండాలి, గొట్టం పొట్టి చేయడం వేరే నేరం. లేతు ఉన్న వర్క్‌షాపుకి తీసుకెళ్లి ఛాంబరు తొలిపించడం లాంటి ఆలోచన వస్తే మానేయండి. రింగు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పెట్టడం తుపాకీతో వచ్చిన అమరికే, అది మార్పు కాదు. సెమీ ఆటోమేటిక్‌లకి నిబంధనలు వేరుగా ఉంటాయి కాబట్టి లైసెన్సు పుస్తకంలో రకం, బోరు, నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి, వారసత్వంగా వచ్చినవాటిలో ఒక అంకె తప్పు పడినవి చూశాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. ఉద్దానం జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వస్తున్నాయన్న భయం నాకు అర్థమవుతుంది, కానీ దానికి జవాబు అటవీశాఖకి ఫోను చేయడమే, అటకమీది తుపాకీ కాదు.

విప్పేటప్పుడు ముందు మ్యాగజైన్, ఛాంబరు రెండూ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. మూతి దగ్గర పట్టుకుని గొట్టాన్ని కొంచెం వెనక్కి నొక్కి ఉంచి ముందరి చెక్క చివర ఉన్న బిరడా తిప్పాలి, లేకపోతే స్ప్రింగు బలానికి మరలు అరుగుతాయి. విప్పిన వరసలోనే ఫోటో తీసుకోండి, ముఖ్యంగా రింగు ఏ పక్కకి తిరిగి ఉందో.

మావయ్య తుపాకీకి రింగు వెనక్కి వెళ్లింది, ఎండిన నూనె కిరసనాయిలుతో తుడిచి కొత్తది పల్చగా రాశాం. రేంజిలో 24 గ్రాముల తూటాలు ఐదు వేస్తే నాలుగు బాగా పడ్డాయి, ఒకటి నీరసంగా పడింది. 28 గ్రాములవి ఐదుకి ఐదూ నాలుగడుగుల అవతల పడ్డాయి, ఇంక అవే వాడదామనుకున్నాం. చీలిన చెక్కకి లోపల నుంచి అతుకు వేయించాలి, బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లిలో ఒకాయనకి చూపిస్తే చెక్క మటుకే ఇవ్వండి, చేస్తానన్నాడు. మావయ్య ఒక చీటీ మీద "12/70, రింగు వెనక ఉంది, 28 గ్రాములు, పెద్దవి వేస్తే రింగు ముందుకి" అని పెద్ద అక్షరాలతో రాసి లైసెన్సు పుస్తకం అట్టలో పెట్టాడు.